అతుకుల చప్పుడు

డెబ్బై నాలుగో సంవత్సరం వానాకాలంలో జరిగిన సంగతి ఇది. ఆ ట్యూబు ముందు కింద పెట్టు నాయనా, మూత తీయకు. బొమ్మరైలు పట్టాలు బల్లకి అంటించాలి, ఏ జిగురు మంచిదీ అని అడిగావు కదా, చెప్తాను. జిగురు మాటెత్తితే నాకు బైండింగ్ బాబాయి తప్ప ఇంకొకరు గుర్తురారు. బాబాయి అంటే నా బాబాయి కాదు. ఊరంతా అలాగే పిలిచేది. ఆయన పుస్తకాలు కుట్టే కొట్టూ నా టైలరు కొట్టూ పక్కపక్కనే, మధ్యలో ఒకటే గోడ. అదీ ఎలాంటి గోడనుకున్నావు, ఆయన తుమ్మితే నా సూదిలో దారం ఊడేది. ఆయన వెళ్ళిపోయి చాలా కాలమైంది గానీ, ఇప్పటికీ ఎవరైనా బంక డబ్బా మూత తీస్తే చాలు, నాకు ఆ కొట్టే కళ్ళముందుకొస్తుంది.

ముందు గది కొట్టు, వెనక గదీ వంటిల్లూ ఇల్లు. కొట్టులో రెండు బల్లలుండేవి. వాళ్ళ నాన్న చేయించిన టేకు బల్లలు. ఒక్కో బల్ల పైచెక్క ఒకే పలక, మధ్యలో అతుకన్నది లేదు. చూశావా, అంత వెడల్పు పలక ఇప్పుడు దీపం పెట్టి వెతికినా దొరకదు. ఏళ్ళ తరబడి పుస్తకాలు జరిపీ, బంక తుడిచీ, అరచేత్తో రుద్దీ రుద్దీ అద్దంలా తయారయ్యాయి. పుస్తకానికి అట్ట వేశాక ఆ బల్లమీద బోర్లించి, పైన బరువు పెట్టి ఆరబెట్టాలి. బల్లలో గోరంత ఎత్తుపల్లం ఉన్నా అది అట్టమీద అచ్చు పడుతుంది. అందుకని ఆ బల్లల్ని వాళ్ళావిడ, అదే పిన్ని, కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేది. కాగితాలు మడిచేదీ, కుట్టేదీ ఆవిడే. ఒకసారి ఎవరో మాస్టారు తడి గొడుగు తెచ్చి బల్లమీద ఆనించాడు. "ఏం మాస్టారూ, మీ ఇంట్లో పిల్లల నెత్తిమీద కూడా ఇలాగే పెడతారా గొడుగు?" అంది. ఆయన పుస్తకాలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు, మర్నాడు మాస్టారి భార్య వచ్చి పట్టుకెళ్ళింది.

బాబాయి పనితనం గురించి ఏం చెప్పమంటావు. చేతికి కళ్ళుండేవంటే నమ్ము. పని అయ్యాక కళ్ళు మూసుకుని బొటనవేలితో పుస్తకం అంచంతా తడిమేవాడు. ఎక్కడైనా అతుకు వేలికి తగిలిందా, మొత్తం ఊడదీసి మళ్ళీ మొదటికి. "బాబాయ్, అది ఎవరికీ కనపడదు, ఇచ్చెయ్యరాదూ" అని మనం అంటే, "కనపడదనే కదరా వేలు పెట్టి చూసేది" అనేవాడు. మొండిఘటం. ఒక పని పట్టుకుంటే దాని అంతు చూడందే వదిలే మనిషి కాదు. నవ్వితే మాత్రం చిన్నపిల్లాడిలా నవ్వేవాడు, పళ్ళన్నీ కనపడేలాగా. సరే, ఆయన పళ్ళ సంగతెందుకిప్పుడు.

ఆయనకో అన్నయ్య. రైలు ఇంజను డ్రైవరు. మేమంతా డ్రైవరు గారు అనేవాళ్ళం. భార్య ముందే పోయింది, పిల్లల్లేరు. ఉద్యోగమంతా స్టేషను పక్కన క్వార్టర్లలోనే గడిచింది. రిటైరైన కొన్నాళ్ళకే పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యొక్కటే ఆయన చెప్పినట్టు వినేది. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. బాబాయి వెళ్ళి తీసుకొచ్చి వెనక గదిలో ఇనప మంచం వేసి పడుకోబెట్టాడు. సామానంటే ఏముంది, ఒక ట్రంకు పెట్టె, ఇంకో చెక్క పెట్టె. ఆ చెక్క పెట్టెలో వర్క్‌షాపు ఫిట్టర్లు రిటైర్మెంటుకి చేసిచ్చిన బొమ్మరైలు ఉంది. బొమ్మంటే నీ దాంట్లాంటి ప్లాస్టిక్కు కాదు నాయనా. ఇత్తడి ఇంజను, తాళంచెవితో కీ ఇస్తే నడిచేది, ఎత్తితే చెయ్యి కిందికి లాగేది. దాని వెనక పెట్టెలు, ఇనప రేకు స్లీపర్ల మీద బిగించిన ఇత్తడి పట్టాల ముక్కలు. అన్నీ చేత్తో చేసినవే. ఆ పెట్టె మంచం కిందికి తోసేశారు, దాన్ని పట్టించుకునేంత తీరిక ఎవరికుంది.

అసలు కష్టం ఏంటంటే, వచ్చిన దగ్గర్నుంచీ డ్రైవరు గారు తినడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకోవడం, స్పూనుతో పాలు పోస్తే పెదవులు బిగించెయ్యడం. డాక్టరొచ్చి చూసి, "మింగడానికి గొంతులో అడ్డేం లేదు, ఆయనకే ఇష్టం లేదు. ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో ఉండడు" అని చెప్పి వెళ్ళిపోయాడు. బాబాయి గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుని, "అన్నయ్యా, ఒక్క గుక్క, నాకోసం" అని బతిమాలుతుంటే ఇవతల గోడ దగ్గర నాకు మిషను తొక్కబుద్ధయ్యేది కాదు.

మిషనంటే గుర్తొచ్చింది. ఒకరోజు పిన్ని ఉరుకులు పరుగులతో నా కొట్టుకొచ్చింది. "ఏమయ్యా టైలరూ, ఇప్పుడేం కుట్టావు?" అంది. చప్పుడుకి తిడుతుందేమో అనుకున్నా. "పరదా పిన్నీ, పొడుగు కుట్టు" అన్నాను. "ఇంకా కుట్టు" అంది. అయిపోయింది పిన్నీ అంటే, "గుడ్డ లేకుండా తొక్కు, నీ సొమ్మేం పోయింది" అని మళ్ళీ లోపలికి పరిగెత్తింది. తొక్కాను. కాళ్ళు పీకేదాకా తొక్కాను. తర్వాత చెప్పింది. మిషను టకటకలాడుతున్నంతసేపూ డ్రైవరు గారి ఎడమచేతి వేళ్ళు మంచం పట్టెమీద తాళం వేస్తున్నాయట. చప్పుడు ఆగితే ఆగాయట. అప్పుడు వెలిగింది పిన్నికి. "ఏవండీ, బావగారికి కావాల్సింది పాలు కాదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ రైలు చప్పుడు లేని చోట పడుకున్న మనిషి కాదాయన. ఇక్కడేముంది, మన బంక వాసనా, కోమటి రేడియో." కోమటి అంటే ఎదురింటి కొట్టాయన, ఆయన రేడియో ఒక పెద్ద కథ, అది ఇంకోసారి. రెండోరోజు మళ్ళీ తొక్కాను గానీ డ్రైవరు గారి వేళ్ళు కదల్లేదు. కుట్టుమిషను రైలెలా అవుతుంది? ఆయనకా తెలియనిది!

అప్పుడు లాగారు మంచం కిందనుంచి ఆ చెక్క పెట్టె.

నేలమీద పరుస్తే సరిపోయేది కదా అంటావేమో. ఆ వానలకి నేలంతా చెమ్మ, పైగా మంచంలో ఉన్న మనిషికి నేల ఎక్కడ కనపడుతుంది? మంచం ఎత్తుకి, మంచాన్ని ఆనుకుని ఉండాలి. కొత్త పలకలు కొనుక్కొచ్చాడు బాబాయి, వారం తిరక్కుండా పడవల్లా వంగాయి. ప్లైవుడ్డు తెచ్చాడు, పొరలు పొరలుగా లేచింది. పట్టా కింద చెక్క కొంచెం మెలి తిరిగినా ఆ బరువైన ఇంజను పక్కకి ఒరిగి పడిపోతుంది. ఇక ఇంట్లో మిగిలిన చదునైన చెక్క ఏముంది చెప్పు. అవే, ఆ రెండు బల్లలు. బాబాయి రెండు రోజులు ఆ బల్లల చుట్టూ తిరిగాడు గానీ నోరు తెరవలేదు. పిన్నే అంది, "అడగండి, మింగకండి." ఈయన అడిగాడు. ఆవిడ బల్లమీద ఓసారి అరచెయ్యి రాసి, "వానాకాలం పని ఎలాగూ తక్కువే. తీసుకోండి. కానీ చలికాలం మొదలయ్యేసరికి కాలేజీ పుస్తకాలొస్తాయి. అప్పటికి నా బల్లలు నాకు ఎలా ఇచ్చానో అలా రావాలి. మేకు దించితే ఒప్పుకోను. ఊడి వచ్చే జిగురైతేనే అంటించండి. మాటివ్వండి" అంది. "మాట" అన్నాడు బాబాయి. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాడు. ఆ బల్లలు పోతే కొట్టే లేదని ఇద్దరికీ తెలుసు మరి.

ఇక మొదలైంది జిగురు వేట. నువ్వు ఒక ట్యూబు కొనుక్కొచ్చి దర్జాగా కూర్చున్నావు. ఆయన అలాంటివాడు కాదు. చెక్క పేళ్ళమీద ఒక్కోదానికి ఒక్కో జిగురు రాసి, రేకు ముక్కలు అంటించి, వాన జల్లు పడే కిటికీ గట్టుమీద వరసగా పెట్టాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక్కోటీ తీసి, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. దారిన పోయేవాళ్ళు, "ఏం బాబాయ్, పుచ్చకాయలు బేరం చేస్తున్నావా?" అని నవ్వేవాళ్ళు. ఆయనకి పడితేగా! మొదట ఇంట్లో ఉడికించే పిండిబంక చూశాడు. చేతికి అలవాటైన బంక, నీళ్ళు చల్లితే ఊడొస్తుంది, పిన్నికీ ఇష్టమే. కానీ ఆ చెమ్మకి మెత్తబడి బూజు పట్టింది, చీమలు బారులు కట్టాయి. వడ్రంగులు కాచి పూసే ఎముకల జిగురు చూశాడు. అదీ వానకి బంకసాగింది, పైగా ఆ కంపుకి పిన్ని ముక్కుకి కొంగు కట్టుకుని వంట చేసింది. తెల్ల జిగురుంది చూడు, చెక్కకి చెక్క అయితే దాన్ని మించింది లేదు. ఇనప రేకుకి మాత్రం నిలవదు, ఆరాక గోరు పెట్టి మీటితే టప్పున పెచ్చులా ఊడింది. చివరికి సైకిలు పంక్చర్లకి వేసే రబ్బరు సొల్యూషను తెచ్చాడు. అది కుదిరింది. చెమ్మకి లొంగదు, రేకునీ పడుతుంది, చెక్కనీ పడుతుంది. వద్దనుకుంటే బొటనవేలితో రుద్దితే ఉండలు ఉండలుగా లేచొచ్చేస్తుంది, కింద మరకైనా మిగలదు. పిన్ని తనే వేలితో రుద్ది చూసి, "ఊఁ, ఇది బాగుంది" అంది.

బల్లలు రెండూ వెనక గదిలోకి మోసుకెళ్ళి, పక్కపక్కన చేర్చి, మంచాన్ని వాటికి ఆనించారు. నేనూ ఓ చెయ్యి వేశాను, నడుం పట్టేసింది, అది వేరే సంగతి. బాబాయి పట్టాలు పరిచాడయ్యా... ఎంత అందంగా పరిచాడనుకున్నావు! పట్టాకీ పట్టాకీ మధ్య సందు లేకుండా ఆకురాయితో అరగదీసి, అరగదీసి, కలిపేశాడు. ఆ కలిపినచోట మైనం నింపి గుడ్డతో మెరుగు పెట్టాడు. కళ్ళు మూసుకుని బొటనవేలితో చుట్టూ తడిమాడు. ఎక్కడా ఆగలేదు వేలు. వీధంతా వచ్చి చూసింది. కీ ఇచ్చి వదిలితే ఆ ఇంజను నీళ్ళమీద బాతులా పోయింది. చప్పుడే లేదు. మా వీధి చివర ఇనపకొట్టాయన నోరు వెళ్ళబెట్టి, "బాబాయ్, వెన్నమీద పోతున్నట్టుందయ్యా" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

డ్రైవరు గారు ఒక చుట్టు చూశాడు. రెండో చుట్టు చూశాడు. గోడవైపు తిరిగిపోయాడు.

బాబాయికి తల కొట్టేసినట్టయింది. పాపం ఇంజనుని మళ్ళీ పెట్టెలో కూడా పెట్టలేదు, అలాగే పట్టామీద వదిలేసి కొట్టు అరుగుమీదికొచ్చి కూర్చున్నాడు. నేను టీ తెప్పిస్తే చల్లారిపోయేదాకా చేత్తో పట్టుకున్నాడు. "వాడికి నచ్చలేదురా" అన్నాడు. అంతే అన్నాడు. మర్నాడు పొద్దున పిన్ని దుప్పటి మార్చడానికి డ్రైవరు గారిని ఇటు తిప్పింది. తిప్పి కేకేసింది, "ఏవండీ, ఒకసారి ఇలా రండి, బావగారు ఏదో చేస్తున్నారు" అని. డ్రైవరు గారు ఆ ఎడమచెయ్యి చాపి, బొటనవేలి గోరు పట్టామీద పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోతున్నాడు. అచ్చం తమ్ముడు చేసినట్టే, తడుముకుంటూ. గోరు పోయిపోయి, మైనం నింపిన ఒకచోట ఆగింది. అక్కడ గీకడం మొదలుపెట్టాడు. గీకుతున్నాడు, గీకుతున్నాడు, గోటి సందులోంచి మైనం వస్తోంది. తమ్ముడివైపు చూశాడు. ఆ చూపు నేను చూడలేదు గానీ పిన్ని చెప్పేది, "కోపం కాదయ్యా, పసిపిల్లాడు అమ్మ దగ్గర వెతుక్కునే చూపు" అని.

బాబాయి అక్కడే కూలబడ్డాడు. కూలబడి పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడట. "ఎంత బుద్ధి తక్కువవాణ్ణే నేను! నేను అతుకు లేకుండా చేశాను. వీడికి కావాల్సింది అతుకే!" అర్థమైందా నాయనా? పుస్తకాలవాడికి అతుకు కనపడటమంటే సిగ్గు. డ్రైవరుకి రైలంటేనే అతుకు. పట్టాకీ పట్టాకీ మధ్య సందు మీద చక్రం పడి టక టక, టక టక అంటుందే, అది విని జీవితమంతా బండి ఎంత వేగంగా పోతోందో ఆయన కనిపెట్టేవాడు. బాబాయి ఎంతో ప్రేమగా, ఎంతో శ్రద్ధగా, అదొక్కటీ తీసేసి మిగతాదంతా అన్నకి ఇచ్చాడు.

ఆ పూటే రంపం పట్టుకుని ప్రతి అతుకు దగ్గరా సందు కోశాడు. కీ ఇచ్చి వదిలాడు. వచ్చింది చప్పుడు, కానీ ఎలాగ? తపుక్ తపుక్ అని, బురదలో చెప్పుల్లా. కింద ఉన్నది రబ్బరు కదా, దెబ్బని అది మింగేస్తోంది. మేకులా? నువ్వూ అదే అంటున్నావు, అప్పుడు నేనూ అదే అన్నాను. ఒక చెక్క పేడుమీద మేకులతో కొట్టి చూపించాడు. మేకు దగ్గర వదులై గిలక్కాయలా గలగలమంది. "ఇది రైలు కాదురా, ఎద్దుల బండి" అన్నాడు. పట్టా, రేకు, బల్ల, మంచం, అన్నీ ఒకటే ఎముకైనట్టు కలిసిపోతేనే ఆ దెబ్బ మంచందాకా పోతుంది. అంటే ఆరాక రాయిలా గట్టిపడే జిగురు కావాలి. ఇనపకొట్టాయన దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. రెండు డబ్బాలుగా వచ్చేది, రెండూ కలిపి రాస్తే రాయే. ఆయన ఇవ్వడానికే జంకాడు. "బాబాయ్, ఇది పట్టిందంటే ఇక ఊడదు. ఊడదీస్తే చెక్క వస్తుంది గానీ జిగురు రాదు. నీ బల్లలమీదా రాసేది? పిన్నికి తెలుసా?" అన్నాడు. "తెలియకుండా ఎలా రాస్తానయ్యా, ఆవిడ ఇంట్లోనేగా ఉండేది" అన్నాడట ఈయన.

అదీ బాబాయిలో నాకు నచ్చేది. దాచలేదు. తిన్నగా ఇంటికొచ్చి ఆ రెండు డబ్బాలూ పిన్ని ముందు పెట్టాడు. నేను గోడ ఇవతల ఉన్నాను, చెవులు మూసుకుందామన్నా వినపడే గోడ అది. "ఇది ఊడదు" అన్నాడు. "నాకు మాటిచ్చారు" అంది పిన్ని. "ఇచ్చాను." "చేతిలో చెయ్యి వేసిచ్చారు." "వేశాను." "మీ అన్నయ్యకి రైలు కావాలి సరే, రేపు మనం ఏం తినాలి? ఈ జిగురా?" అంది. అప్పుడు బాబాయి చెప్పాడు, "నేను ఈ బల్ల దగ్గర నీడపట్టున కూర్చుని నాన్న దగ్గర పని నేర్చుకుంటుంటే వాడు ఇంజన్లో బొగ్గు ఎగదోశాడే. ఇద్దరిలో ఒకడే పని నేర్చుకోవాలి, ఒకడు బయట సంపాదించాలి అన్నప్పుడు వాడే వెళ్ళాడు. ఈ బల్లలు సగం వాడివి. వాడి సగం ఏనాడూ అడగలేదు." "సగం ఆయనవైతే సగానికే రాయండి మరి!" అంది పిన్ని. ఆ మాటకి నాకు ఇటు నవ్వొచ్చింది, వాళ్ళకి అటు నవ్వు రాలేదు. "నీ మాట మీదే ఉంటాను. నువ్వు వద్దంటే ఈ డబ్బాలు తిరిగి ఇచ్చేస్తాను" అన్నాడు బాబాయి. పిన్ని గిన్నెలు ఎత్తేసిన చప్పుడు. లోపలికి వెళ్ళిన చప్పుడు. సరే అననూ లేదు, వద్దననూ లేదు.

మర్నాడు పొద్దెక్కాక బాబాయి పట్టాలు ఊడదీసి, రబ్బరు రుద్దేసి, జిగురు కలిపాడు. అలవాటు లేని పని, పిండిబంకలాగా ఒక్కసారే బోలెడు కలిపేశాడు. అది చేతిలోనే వేడెక్కి గిన్నెలో గడ్డకట్టింది. గిన్నె పోయింది, కలిపే పుల్ల అందులోనే నిలబడింది జెండా కర్రలాగా. పిన్ని గుమ్మంలోంచి చూసింది. చూసి, చూసి, ఉండబట్టలేక వచ్చింది. "లేవండి అవతలికి. ఇదా కలపడం? ఇలాగైతే బల్లలూ పోతాయి, జిగురూ పోతుంది, రైలూ నడవదు" అని పుల్ల లాక్కుంది. కొంచెం కొంచెంగా, తమలపాకంత రేకుమీద, ఒక్కో పట్టాకి సరిపడా ఆవిడ కలుపుతుంటే ఈయన అంటించుకుంటూ పోయాడు. తిట్టుకుంటూనే కలిపింది. "ఇదిగో, ఇదీ పోయింది. ఇదీ పోయింది. పెట్టండి, ఇంకా ఏం చూస్తారు, గట్టిపడుతోంది" అంటూ. వానకి చల్లగా ఉండి ఆరడం లేదంటే నా ఇస్త్రీపెట్టె నిప్పులు పోసి ఇచ్చాను. పట్టాలకి కాస్త ఎడంగా పట్టుకుని కాపడం పెడుతూ చుట్టూ తిప్పారు. ఆ ఇస్త్రీపెట్టెకి కూడా ఓ బొట్టు అంటింది, ఎన్నాళ్ళు గీకినా పోలేదు. ఆ తర్వాత ఏ చొక్కా ఇస్త్రీ చేసినా ఓ గీత పడేది, అందరితో తిట్లు తిన్నాను.

రెండు రోజులు ఆరనిచ్చి కీ ఇచ్చాడు. నేను వెళ్ళాను. ఇంజను కదిలింది. అయ్యా, ఏం చెప్పను! టక టక... టక టక... ఆ చప్పుడు గాల్లోంచి రావడం కాదు, కాళ్ళ కిందనుంచి పైకెక్కింది. బల్లలోంచి మంచంలోకి, మంచంలోంచి మనిషిలోకి. మంచం కోడు పట్టుకు చూశాను, నా మోచేతిదాకా వచ్చింది. డ్రైవరు గారు ఇటు తిరిగాడు. ఎవరూ తిప్పలేదు, ఆయనే తిరిగాడు, ఆ ఒక్క చేత్తో పట్టె పట్టుకుని. వేళ్ళు పట్టెమీద తాళం వెయ్యడం మొదలైంది. రెండు బల్లలూ కలిసేచోట కింద కొంచెం డొల్ల, అక్కడికి వచ్చేసరికి చప్పుడు మారి ధన్ ధన్ ధన్ అంది, వంతెన మీదికెక్కినట్టు. అది ఎవరూ అనుకుని పెట్టింది కాదు. డ్రైవరు గారి ఎడమచెయ్యి గబుక్కున పైకి లేచింది. లేచి, గాల్లో ఏదో గొలుసు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి, కిందికి లాగింది. నోరు తెరుచుకుంది. చప్పుడు రాలేదు. ఆ కూత మాకెవరికీ వినపడలేదు, ఆయనకి మాత్రం వినపడింది. మొహం చూస్తే తెలిసింది. బాబాయి అటు తిరిగిపోయాడు. పిన్ని పాలగ్లాసు తెచ్చి, "బావగారూ, స్టేషనొచ్చింది, తాగండి" అంది. తాగాడు. గ్లాసు మొత్తం తాగాడు.

ఇక అక్కణ్ణుంచి మహారాజు. పొద్దునా సాయంత్రం రైలు నడవాల్సిందే. కీ అయిపోతూ చప్పుడు నెమ్మదిస్తే పిడికిలితో పట్టెమీద దబదబా బాదేవాడు. బాబాయి చేతిలో పని వదిలేసి, "వస్తున్నా అన్నయ్యా, వస్తున్నా" అని పరిగెత్తేవాడు. "తమ్ముణ్ణి బొగ్గేసే ఫైర్‌మన్ చేసేశాడు. రిటైరైనా డ్యూటీ మానలేదు మా బావగారు" అనేది పిన్ని. ఆవిడే ఒక్కోసారి ఎవరూ చూడకుండా కీ ఇచ్చి, మంచం పక్కన స్టూలేసుకుని కాగితాలు మడుచుకునేది. టక టకకి ఒక మడత. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు కూడా. డాక్టరొచ్చి ఏం మందిచ్చారు అని అడిగితే, "రెండు డబ్బాల మందు, కలిపి రాశాం" అంది పిన్ని. వానలు వెళ్ళాయి, చలి వచ్చింది, చలి ఇంకా పూర్తిగా పోకముందు ఒక పొద్దున రైలు నడుస్తుండగానే ఆయన వేళ్ళు ఆగాయి. కీ అయిపోయేదాకా ఇంజను తిరుగుతూనే ఉందట. బాబాయి ఆపలేదు.

నువ్వడిగిందానికి జవాబు అదే నాయనా. ముందు ఆ పట్టా ఎవరికోసం వేస్తున్నావో తేల్చుకో, జిగురు సంగతి దానంతటదే తేలుతుంది. ఏంటి? బల్లలా? కాలేజీ పుస్తకాలు వచ్చే వేళకి వాటిమీద రైలు ఉంది కాబట్టి పుస్తకాలు వేరేవాళ్ళకి పోయాయి. డ్రైవరు గారు పోయాక ఉలి పెట్టి చూశాడు. నిప్పు సెగ చూపించాడు. ఇనపకొట్టాయన ముందే చెప్పాడు కదా, పట్టాతోపాటు చెక్క పేళ్ళు పేళ్ళుగా లేచొచ్చింది. తిరగేసి వాడుకుందామంటే అడుగున అడ్డపట్టీలు దిగేసి ఉన్నాయి. అంత వెడల్పు పలక మళ్ళీ దొరకలేదు, రెండు పలకలు అతికి చేయిస్తే ఆ గీత ప్రతి అట్టమీదా పడింది. ఆ ఎండాకాలానికి బాబాయి కొట్టు మూసేశాడు. తర్వాత ఒక ప్రెస్సులో చేరాడు, పిన్ని కూడా అక్కడే కాగితాలు మడిచింది. ఆయన బతికినంతకాలం ఇంకొకరి బల్లమీదే పని చేశాడు.